వల కన్ను

సలీమాకి దిగువన, సరస్సు ఒడ్డు క్లినిక్‌లో
నా ఉద్యోగం అడగడం.
తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు గళ్ళు:
అసలు లేదు, కొన్నాళ్ళు, సగానికి పైగా, దాదాపు రోజూ.
సున్నా, ఒకటి, రెండు, మూడు.
కూడితే పది దాటాలి,
అప్పుడే దిగులు దిగులని రుజువు.

ఈ ఏడాది కాగితానికే పరీక్ష.
నా దగ్గర్నుంచి లేచిన ప్రతి ఐదో మనిషినీ
పక్క గదిలోకి పంపుతాను.
అక్కడ డాక్టరమ్మ కలం మూసి గంటసేపు మాట్లాడుతుంది.
సాయంత్రం ఆమె మాటా నా అంకే
ఒకే తక్కెడలో చెరోవైపు.

ఫిబ్రవరి. కోతలకింకా రెండు నెలలు.
మాయి నసిబెకో కూర్చుంది, ఒళ్ళంతా ఎండుచేపల వాసన.
నిద్ర సరిగా పడుతోందా?
"ఉసిపా ఆరబోశాక కుక్కలకి కాపలా ఎవరు, నువ్వా?"
మూడు.
ఆకలి తగ్గిందా?
"ఆకలి తగ్గలేదమ్మా, పిండి తగ్గింది."
ఆ జవాబుకి గడి లేదు. మూడే వేశాను.
నీరసం?
"ఈ మాత్రలు మొదలెట్టి తొమ్మిదేళ్ళు.
నీరసం లేని రోజేదో నువ్వే చెప్పు, దాన్ని లెక్కేద్దాం."
పగలబడి నవ్వింది. నవ్వుకి కూడా గడి లేదు.
మొత్తం పద్నాలుగు.
ఆమె ఐదో మనిషి.
డాక్టరమ్మ గంట తర్వాత తలుపు తీసి
"ఈవిడకి కావలసింది మొక్కజొన్న" అంది.

డిప్రెషన్‌కి మా చిచెవాలో మాట లేదు.
కుగనిజ క్వంబిరి అంటాం,
తలలో ఆలోచన తెడ్డు లేని పడవలా
గిరగిరా తిరగడం.
ఆ మాట కాగితంలో ఎక్కడా లేదు.
ఉన్నది ఇది: పనులు చేయడంలో ఆసక్తి తగ్గిందా?
"ఏ పని?" అన్నాడొక ముసలాయన, నిజంగానే తెలుసుకోవాలని.

లాస్టన్ కంబలామె వలలు బాగుచేస్తాడు.
నిద్ర బాగుంది. తిండి బాగుంది. మనసు? బాగుంది.
చొక్కా అంచు దారం లాగి ముడి వేస్తున్నాడు,
విప్పుతున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు.
తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునని...
నేను పూర్తి చేయకముందే
"లేదు."
మొత్తం రెండు. ఆ రెండూ అలసటకే.
అతను నాలుగో మనిషి.

సీసా అందుకుని గుమ్మం దగ్గర ఆగాడు.
"ఇవి ఇంకొకరు వాడుకోవచ్చా?
మా చెల్లెలివీ ఇవే."

కాగితం మీద నా కలం ఆగిపోయింది.
క్యూలో పదకొండు మంది ఉన్నారు.
వాళ్ళకి ఏదో చెప్పాను, ఏం చెప్పానో గుర్తులేదు,
ఇసకలో అతని వెనకాలే నడిచాను.

తలకిందులుగా బోర్లించిన పడవ నీడలో
మోకాళ్ళ మీద వల పరుచుకున్నాడు.
నేను ఏమీ అడగలేదు. దారపు ఉండ పట్టుకున్నాను.
చాలాసేపటికి తనే అన్నాడు, వల గురించే:
"కన్ను పెద్దదైతే ఉసిపా జారిపోతుంది.
దోమతెర కట్టి లాగితే పిల్లచేపా నాచూ బురదా
అన్నీ వస్తాయి.
ఏ వలైనా అంతే. ఒడ్డుకి లాగాక
చేత్తో ఏరుకోవాలి."

అప్పుడడిగాను, కాగితంలో లేని మాటతో:
ఆలోచనలు ఎక్కువయ్యాయా?

సూది ఆగింది.
నీళ్ళమీద ఎవరో ఎవర్నో కేకేశారు.
"జనవరి నుంచి," అన్నాడు.
తర్వాత మిగతాది చెప్పాడు. అది ఇక్కడ రాయను.

ఆ సాయంత్రమే పక్క గది తలుపు తట్టాం, ఇద్దరం.
మర్నాడు సూపర్‌వైజర్ మార్జిన్‌లో నా రాతలు చూసి
"వరస తప్పి పంపినవాళ్ళు లెక్కలోకి రారు" అన్నాడు,
కోపంగా కాదు, నియమం అది.
రబ్బరు తీసుకుని తనే చెరిపాడు.

పట్టికలో లాస్టన్ కంబలామె ఇప్పటికీ రెండే.
మంగళవారాలు వస్తాడు.
పక్క గదికి వెళ్ళేముందు
నా బల్లమీద ఒక ఎండుచేప పెట్టి
"దీనికి ఎంత వేస్తావు?" అంటాడు.